పైపు అవతలి కొస

మంగళవారం రాత్రి, రాచర్ల.

ఇనుము కోసే మిషను ఇవాళ ఆడించి చూశాను. ఆన్‌లైన్లో దొరికిన చవకది. తమ్ముడు ఏసుదాసు నాతో గొడవపడి గిద్దలూరులో వేరే వెల్డింగ్ షాపు పెట్టుకున్నాక, పైపు కొస పట్టమని ఎవర్నీ బతిమాలకూడదని పంతానికి కొన్నాను.

పొద్దున గొర్రెల దొడ్డికి గేటు చేయించుకోవాలని ఓబులేసు వచ్చాడు.

"నిన్న గిద్దలూరులో మీ తమ్ముడు కనపడినాడన్నా. ఇప్పుడు అన్నకు కొస ఎవరు పడ్తాండారు అని అడిగినాడు."

"ఇంక మనిషితో పని లేదని చెప్పు," అని వాడి ముందే స్విచ్ నొక్కాను.

ఇరవై అడుగుల పైపు. మిషను ఇవతలి వైపే బిగించి పట్టుకుంది. అవతలి కొస కిందికి వాలి, కోసే చక్రం మధ్యలో ఇరుక్కుని పగిలింది. ఒక ముక్క నా చెవి పక్కగా పోయి షెడ్డు రేకుకు తగిలింది.

ఓబులేసు వెళ్లాక ఆ కొస కింద ఇటుకలు పేర్చి, కొత్త చక్రం బిగించాను. పైపు కదల్లేదు. అయినా కోయలేకపోయాను. చేతిరంపంతో కోసిన రోజుల్లో ఏసుదాసు కొస పట్టుకుని, ఉంగరంతో పైపు మీద రెండుసార్లు కొట్టేవాడు. పట్టుకున్నాను, కొయ్యి అని. ఇన్నేళ్లూ ఆ చప్పుడు వినకుండా నేను రంపం ఆడించింది లేదు.

ఇవాళ స్విచ్ మీద వేలు పెట్టి, ఆ ఇటుకల వైపు చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో.