పంకా తాడు చిల్లు

మంగళవారం, ఏలూరు

విక్టోరియా రాణి కాలంలో కాలువల ఇంజనీరు దొర కట్టించుకున్న ఈ బంగళా గురించి నాకన్నా తెలిసినవాళ్లు లేరని నా ధీమా. సాయంత్రం నేనొచ్చేసరికి పడగ్గది గోడలోని చిన్న చిల్లును మరమ్మతుకొచ్చిన మేస్త్రి సిమెంటుతో పూడ్చేశాడు.

"బల్లులొస్తున్నాయి కదండీ," అన్నాడు.

ఆరకముందే తీయించాను. లోపల దొర నిద్రపోతుంటే వరండాలో ఒక మనిషి రాత్రంతా కూర్చుని, కప్పుకి వేలాడే గుడ్డ పంకాని తాడుతో లాగేవాడనీ, ఆ తాడు ఈ చిల్లులోంచే వెళ్లేదనీ చెప్పాను. ఇది మూస్తే ఆ మనిషి ఆనవాలే ఉండదన్నాను.

మేస్త్రి చిల్లు శుభ్రం చేసి, వరండాలో సరిగ్గా ఆ మనిషి కూర్చునే చోటే చతికిలబడి, తువ్వాలుతో చెమట తుడుచుకున్నాడు.

"మరి ఆ లాగే ఆయనకి ఎవరు విసిరేవారండీ?"

ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ పదేళ్లుగా ఈ కథ చెబుతున్నాను. ఆ మాట నాకెప్పుడూ తట్టలేదు.