ఓడిన ఆట ఫొటో

బావా,

నువ్వు వచ్చేసరికి మరిచిపోతానని ఇది రాస్తున్నాను.

నిచ్చెన మీంచి పడి తలకు దెబ్బ తగిలాక, నిన్నటి సంగతి నాకు ఇవాళ గుర్తుండటం లేదని నన్ను మరీ చిన్నపిల్లాణ్ని చేశావు. మన చదరంగంలో ఎవరు గెలిచారని మర్నాడు ఫోన్ చేసి అడిగితే, "నువ్వేరా, నన్ను చిత్తుగా ఓడించావు" అంటావు. అది నమ్మి నేను వీధంతా గొప్పలు చెప్పుకున్నాను.

జ్ఞాపకశక్తికి శిక్షణ ఇచ్చే మేడమ్ నాకో అలవాటు నేర్పింది. ఏ పనైనా ముగించగానే ఫొటో తీసుకోవాలి. అందుకే నా ఫోన్‌లో ఆర్పిన స్టవ్వు, వేసిన తాళం, వాటి మధ్య మన చదరంగం బల్ల కూడా ఉన్నాయి. ప్రతి ఫొటోలోనూ ఇరుక్కుపోయింది నా రాజే! అక్కని నిలదీస్తే, "నువ్వు బాధపడతావనిరా" అంది.

ఇక జాలి చాలు. ఇవాళ పొద్దున పళ్లు తోముకుంటుంటే, ఫోన్ చూడకుండానే, నిన్న నీ గుర్రం నా మంత్రిని తినేసిన సంగతి గుర్తొచ్చింది. నోట్లో బ్రష్షుతోనే అరిచాను: "ఏమేవ్! నిన్న నేను ఓడిపోయాను!"

మా ఆవిడ ఏడుస్తూ, నవ్వుతూ పరిగెత్తుకొచ్చింది. వెనకాల పాలన్నీ పొంగిపోయాయి.

ఈసారి స్టవ్వు మరిచిపోయింది నేను కాదు.

నీ బావమరిది