మూడో వాల్వు

8 ఏప్రిల్ 2019, సోమవారం

గ్లోరీ తన నాయిన బాలస్వామి గిటార్ ఆంప్ తెచ్చింది, గిటార్ శబ్దం పెంచే పెట్టె. పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులది. బస్టాండు నుంచి షాపు దాకా ఒక్కతే మోసుకొచ్చింది. బాలస్వామి సికింద్రాబాద్‌లో మూతబడ్డ ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గర కొన్న పెట్టె. ఆయన పోయి ఏడాది. అప్పటి నుంచి చర్చిలో చిటపటలాడుతోందట, నెలనెలా పెరుగుతోందట. ఈస్టర్‌కు కూడా ఇట్లాగే మోగితే పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామని పాస్టర్ అన్నాడట. ఈస్టర్ ఇరవై ఒకటిన. జడ్చర్లలో వాల్వులు ముట్టుకునేది ఇప్పుడు నేనొక్కడినే. చూస్తానన్నాను. బాగవుతుందని అనలేదు.

9 ఏప్రిల్, మధ్యాహ్నం 2

ఇరవై నిమిషాలు బాగానే ఉంది. తర్వాత మొదలైంది. పెన్సిల్‌తో ఒక్కో వాల్వునూ తట్టాను. మూడోదాన్ని తట్టితే పెనంలో ఆవాలు పడ్డ చప్పుడు. వాల్వు మార్చాను. అదే చప్పుడు.

షట్టర్ సగం దించి కూర్చున్నాను. వాల్వుల్లో సన్నటి ఎర్రదనం. ఎవరూ వాయించకున్నా స్పీకర్లో ఊపిరి. షాపంతా కొబ్బరినూనె వాసన. మా అవ్వ తల వాసన. ఆమె పోయి ముప్పై ఏళ్లు. పక్కన కూర్చుని రేడియో జర పెద్దగ పెట్టమంటోంది. కునుకు పట్టినట్టుంది. లేచేసరికి కరెంటు లేదు. వాసన ఉంది.

11 ఏప్రిల్

పోలింగ్. షాపు బంద్.

13 ఏప్రిల్

కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దించి రెండు మార్చాను. గుయ్యిమనే శబ్దం పోయింది. చిటపట పోలేదు. గ్లోరీ ఫోన్ చేసింది. ఫికర్ లేదన్నాను. ఉంది.

16 ఏప్రిల్

మళ్లీ అవ్వ వాసన. ఈసారి నిద్రపోలేదు. వాసన వెంట ముక్కు పెట్టుకుని పోతే మూడో వాల్వు దగ్గర ఆగింది. ఆఫ్ చేసి, చల్లారాక పీకాను. అది కూర్చునే సాకెట్ నిండా నూనె, దుమ్ము కలిసిన నల్లటి జిగురు. వేడికి కరిగి పిన్నుల మధ్య పాకుతోంది.

గ్లోరీని అడిగాను. అమ్మ ప్రతి శనివారం ప్రార్థన చేసిన నూనె రాస్తుందంది. ఆయన పోయాక పెట్టె గుయ్యిమంటే, ఒంట్లో బాగాలేని మనిషికి రాసినట్టే రాసిందట, వెనుక జాలీలోంచి. తగ్గకపోతే ఇంకొంచెం. చెబుతూ చెబుతూ గ్లోరీ ఆగిపోయింది. అమ్మకు చెప్పొద్దంది.

స్పిరిట్‌తో కడిగాను. సాకెట్ కాలిపోయి ఉంది. పాత రేడియోలోది తీసి వేశాను. గంట చూశాను. చప్పుడు లేదు. వాసన కూడా లేదు. షాపు ఖాళీగా అనిపించింది.

20 ఏప్రిల్, శనివారం

గ్లోరీతో వాళ్లమ్మ సాలమ్మ కూడా వచ్చింది, నూనె సీసాతో. ఏం పాడైందని అడిగింది. సాకెట్ పాతబడిందన్నాను. శనివారం కదా, నూనె రాసి తీసుకుపోతామంది. చెయ్యి అప్పటికే జాలీ మీదికి పోయింది. గ్లోరీ నా వైపు చూసింది. ఊరుకుంటే రేపటికి పాడవుతుంది. చెబితే ఏడాది శనివారాలన్నీ ఆమె మీద పడతాయి.

"పెద్దమ్మా, పైన పిడికి రాయి. ఆయన చెయ్యి పట్టిన జాగ గదే గద," అన్నాను.

సాలమ్మ కాసేపు జాలీని చూసింది. తర్వాత నన్ను. పిడికి ఈ కొస నుంచి ఆ కొస దాకా రాసింది.

"ఇగ గీడనే రాస్త తియ్యి, బిడ్డా," అంది.

పిడి పట్టుకుని నేనే ఆటోలో పెట్టాను.

21 ఏప్రిల్, తెల్లవారి

చర్చి గోడ బయట నిలబడి విన్నాను. గంటసేపు దాటినా చిటపట లేదు. చేతికి ఇంకా అవ్వ వాసన.