పొడుచుకొచ్చిన చక్రాలు

ఉప్పల్, జూన్ 1995, బుధవారం రాత్రి

మా ఆవిడ తమ్ముడు యాదగిరి నాచారంలో తన పికప్‌కు వెడల్పాటి చక్రాలు వేయించాడు. అవి మడ్‌గార్డులు దాటి బయటికి పొడుచుకొచ్చాయి. చక్రం ఇరుసుకు ఎంత లోపలికి కూర్చోవాలో ఆ కొలత, ఆఫ్‌సెట్, తప్పింది, బరువు పడితే బేరింగులు ఆగవు, చక్రమే ఊడిపోవచ్చని చెప్పాను.

"నువ్వు సదివింది పుస్తకాలల్ల ఉంటది బావా. బండి పులి లెక్క లేదా, సూడు" అన్నాడు. నేను వద్దన్నదే చేయడం వాడికి మొదటి నుంచీ వ్రతం. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు కానీ, ఒక్కసారైనా లోడు వేసి చూడలేదు.

రేపు బండి నిండా ఇనుము వేసుకుని వరంగల్ పోతున్నాడు. పక్క సీట్లో మా ఆవిడ. బస్సెక్కమంటే, "తమ్ముడు చిన్నబోతడు, మీ పంతం ఇడువుండ్రి" అంది.

ఆ మూర్ఖుడి దగ్గర నా మాటే నెగ్గాలని ఇన్నేళ్లూ కోరుకున్నాను. ఈ ఒక్కసారి వాడి మాటే నెగ్గాలి.