ఒక్క గుద్దు కోసం

ప్రియమైన తమ్ముడికి,

జైల్లో కాగితం ఇచ్చారు, రాస్తున్నాను. కత్తికి సాన పట్టలేదని మన మాంసం కొట్లో, కొనేవాళ్ల ముందు నన్ను నవ్వులపాలు చేశావు. నిజమే, పట్టలేదు. దానికి నీ మెడ పట్టుకుని, మనం మాంసం కొట్టే మొద్దుకేసి బాదాను. మెడలో రక్తనాళం చిట్లి, అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకెక్కిందట. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయట. కోర్టులో డాక్టరు చెబుతుంటే నా చేతులు నరికేసుకోవాలనిపించింది. క్షమించమనడానికి మొహం చెల్లడం లేదు.

నీ అన్నయ్య

ప్రియమైన అన్నయ్యా,

‘ప్రియమైన’ అలవాటు కొద్దీ పడింది, కొట్టేయడానికి ఓపిక లేదు. ఎడమచేత్తో రాస్తున్నాను, కోడి గెలికినట్టున్నా చదువుకో. ఇక్కడ సూదులమ్మ అనే డాక్టరమ్మ ఉంది. నెత్తిలోనూ చేతిలోనూ సన్నటి సూదులు గుచ్చి, తీగలు తగిలించి కరెంటు పెడుతుంది. వేళ్లు వాటంతటవే ఎగురుతాయి. చచ్చిన మెదడు తిరిగి రాదట. దాని చుట్టూ కొనఊపిరితో ఉన్న భాగాన్ని ఈ కరెంటు కాపాడొచ్చట.

“కాపాడుతుందా?” అన్నాను.

“కాపాడొచ్చు. అంతకు మించి నేను చెప్పను. ఇంతకీ చెయ్యి వస్తే ఏం చేస్తావు?”

“ఒక్క గుద్దు చాలు డాక్టరమ్మా. మా అన్న మూతి పగలాలి.”

నువ్వు మంచాన పడేసినవాడు

ప్రియమైన చిన్నోడా,

మూతి సిద్ధంగా ఉంది. ఒక్కరోజు కూడా సూదులు మానకు. వచ్చే నెల మొదటి సోమవారం వదులుతారు. గేటు బయట చేతులు కట్టుకుని నిలబడతాను.

నీ అన్నయ్య

ప్రియమైన అన్నయ్యా,

పిడికిలి బిగిసింది! నిన్న గోడకేసి గుద్దితే సున్నం రాలింది. కాలు కూడా కాస్త వచ్చింది, కర్ర పట్టుకుని వస్తున్నాను, పళ్లు లెక్కపెట్టుకో.

తమ్ముడు

ప్రియమైన అన్నయ్యా,

ఎన్ని కుట్లు పడ్డాయి? నీ పెదవి చీలి రక్తం నా చొక్కా మీద చిందితే సంతోషం వేసింది, అబద్ధమాడను. ఒక్కటే అనుకున్నాను, ఆగలేక నాలుగు గుద్దాను. నువ్వు కట్టుకున్న చేతులు విప్పలేదు. రక్తం ఉమ్మేసి, “చాల్లేరా, ఇక ఆ పిడికిలి వదులు” అన్నావు. నేను వదల్లేదు. పొగరనుకుని వెళ్లిపోయావు.

ఎదురుగా చెప్పలేక రాస్తున్నాను. అది తెరుచుకోదు అన్నయ్యా. బిగుసుకోవడం ముందే వచ్చేస్తుందట, విచ్చుకోవడమే కష్టమట. సూదులమ్మ మొదట్నించీ మొత్తుకుంటూనే ఉంది, గుద్దు ధ్యాసలో నేను వినలేదు. గోళ్లు దిగి అరచెయ్యి పుండైంది. ఇప్పుడు ముంజేతి వెనక సూదులు పెడుతోంది. కరెంటు ఉన్నంతసేపే వేళ్లు విచ్చుకుంటాయి. రోజూ ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఒక్కొక్క వేలే మెల్లగా తియ్యాలట.

నీ మీద కోపం పోలేదు. పోతుందని మాటివ్వను. అయినా ఈ చెయ్యి ఇంకొకరికి ఇవ్వబుద్ధి కావడం లేదు. రేపు పొద్దున్నే రా.

నీ తమ్ముడు