నీళ్లలా ఉండి తెల్లబడేది

మంగళవారం, ఆషాఢం

పొద్దున్నే అందరినీ వరసగా అడిగాను. కొడుకు వరదుడి మోకాలు — "అట్లనే ఉండాదిలేమ్మా" అని కుంటుకుంటూనే గుడి పనికి వెళ్లాడు. మనవరాలు చంటిదానికి విరేచనాలు తగ్గాయి. ఆవు మేత మేస్తోంది. కోడలు ఆండాళును అడిగితే, "నాకేమత్తా, బాగుండాను" అంది. రెప్పలు ఉబ్బి కళ్లే తెరుచుకోవడం లేదు. పక్కింటివాళ్లు ఒళ్లు చేసిందంటున్నారు. దిష్టి తీశాను.

గురువారం

ఆండాళుకు కాళ్లు కూడా ఉబ్బాయి. మెట్టెలు బిగుసుకుపోయాయి, ఆముదం రాసినా రావు. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడింది. పూడటం లేదు... చూస్తూ కూర్చున్నాను.

శనివారం

చిత్తూరు వెళ్లి వచ్చాం. డాక్టరు ఆండాళు మూత్రం గాజు గొట్టంలో పోసి దీపం మీద కాచాడు. తెల్లగా గడ్డకట్టింది.

"మూత్రపిండాలు జల్లెడ మాదిరమ్మా. కన్నాలు పెద్దవైనాయి. ఒంట్లో ఉండాల్సిన సారం కారిపోతా ఉండాది."

ఉప్పు మానాలి. రోజూ పొద్దున ఇంట్లోనే కాచి, తెలుపు ఎంత పేరుకుందో చూడాలి. గొట్టమూ, కాచాక అందులో వేసే చుక్కల మందూ ఇచ్చాడు; వేసినా తెలుపు పోకపోతే అది సారమేనట. తగ్గకపోతే? అన్నాను. "ఆస్పత్రిలో పెట్టాల్సి వస్తాది. చూద్దాం." నా వైపు చూడలేదు.

ఆదివారం

ఎవరు కాచాలి? వరదుడు మడి కట్టుకుని గుడికి పోవాలి. నేనే. వంటింట్లో కాదు. పెరట్లో, బావి వెనక. కిరసనాయిలు రేషనులో వచ్చింది అయిపోయింది — ఆముదం దీపం. గొట్టం గుడ్డతో పట్టుకున్నాను. తెల్లబడింది. చుక్కలు వేసినా పోలేదు.

ఆండాళు గడపలో కూర్చుని — "ఇన్నేండ్లుగా నేను కాచిన కాఫీ మీకు నచ్చలా. మీరు కాచేది చూద్దాం అత్తా!"

చంటిది నవ్వింది, వాళ్లమ్మ నవ్వుతోందని. నాకు రాలేదు. తలస్నానం చేసి మళ్లీ వంట.

మంగళవారం

తెలిసింది. పాలు. చంటిది తల్లిపాలు తాగడం తగ్గించింది కదా... ఆ పాలు దారి తప్పి కిందికి దిగుతున్నాయి. కాస్తే విరుగుతున్నాయి. అంతే. ఆండాళుకు పాలు, పెరుగు ఆపాను.

"ఉప్పు లేదు సరే. అవి గూడా లేవా?"

లేవన్నాను. ఉత్త గంజి తాగింది.

బుధవారం

కాచాను. అలాగే ఉంది.

శుక్రవారం

తెలుపు పెరిగింది. వీధి చివర నర్సు దీనమ్మ చూడటానికి వచ్చింది. పాల సంగతి చెప్పాను.

"పాలేందవ్వా! పాలైతే కాచకముందే తెల్లగుంటాయి గదా. మా ఇంటికి రా, చూపిస్తా."

వాళ్ల వాకిట్లోనే నిలబడ్డాను. కుంపటి బయటికి తెచ్చి, గిన్నెలో కోడిగుడ్డు కొట్టింది. ఇంత వయసుకు మొదటిసారి చూడటం. పసుపు ముద్ద చుట్టూ నీళ్లలాంటిది, జిగురుగా, అడుగు కనిపించేంత తేటగా. వేడి తగిలేసరికి ఆ నీళ్లే తెల్లబడ్డాయి. మా గొట్టంలోలాగే. అచ్చం అలాగే.

"ఇదవ్వా ఒంటి సారం. నెత్తురులో ఉండాల్సింది. అది పోతా ఉంటే, నువ్వు పెట్టేది గూడా ఆపినావే!"

పప్పు, పాలు బాగా పెట్టమంది. "గుడ్డు పెడితే ఇంకా మంచిది. తిట్టొద్దవ్వా" అని నవ్వింది.

తిట్టలేదు. ఇంటికి వచ్చి గ్లాసు నిండా పాలు ఇచ్చాను.

"నిన్న కూడదు, నేడు కూడునా?" అంది ఆండాళు. తాగింది.

ఆదివారం

మెట్టెలు వేలిలోకి దిగిపోతున్నాయి. కంసాలిని పిలిచి కత్తిరించి తీయిద్దాం అంటాడు వరదుడు. కూడదన్నాను. సువాసిని కాలి మెట్టె కత్తిరిస్తారా? "కాలు ముఖ్యమా, మెట్టె ముఖ్యమా అమ్మా?" లేచి వంటింట్లోకి వెళ్లాను. చప్పటి పప్పు వండాను. దీనమ్మ గిన్నె గుర్తుకొచ్చింది.

సోమవారం

కంసాలి వచ్చి వెళ్లాడు. మెట్టె ముక్కలు పసుపు గుడ్డలో కట్టి పెట్టాను. కాలి వేళ్లకు వాటి బదులు పసుపు దారం కట్టాను, వదులుగా.

బుధవారం

కాచి నిలబెట్టాను. తెలుపు అడుగుకు దిగింది. నిన్న వేలి కణుపంత. ఈ రోజు గోరంత.

తగ్గిందా... గొట్టంలో పోసేటప్పుడు కొంత ఒలికింది. తక్కువ పోశానేమో. మళ్లీ కాచుదామంటే మిగల్లేదు.

"తగ్గిందా అత్తా?"

చూద్దాం అన్నాను. దాని వైపు చూడలేదు.

వస్తున్నామని వరదుడు చిత్తూరు డాక్టరుకు కార్డు రాశాడు. పక్కగుడ్డలు కూడా మూట కట్టమంటాడు. కడితే అక్కడే ఉంచేస్తారేమో. కట్టకపోతే...

ఎల్లుండి శుక్రవారం, ఏకాదశి. పొద్దుటి రైలుకే చిత్తూరు.