కొంగపువ్వు చుట్టూ నేను వేయించిన కంచె

ఎర్రవాగు అటవీ రేంజ్ అధికారి గారి సముఖమునకు,
మొగుళ్లపల్లి నివాసి, విలేకరి బండారి యుగేందర్ సమర్పించుకొను అర్జీ.
తేది: 18-11-2025

అయ్యా,

విషయం: బర్రెలజాలులో కొంగపువ్వు రక్షణ కొరకు వేసిన ముళ్లకంచెను తొలగించుట, గట్టమ్మపై పెట్టిన కేసును ఉపసంహరించుట గురించి.

సూచిక: ఇదే అర్జీదారు 2022 అక్టోబర్‌లో తమ కార్యాలయానికి ఇచ్చిన అర్జీ. అందులోని ముఖ్యాంశం తప్పు.

1. బర్రెలజాలు అనేది వాగు పక్కన ఉన్న రెండెకరాల తడి నేల. ఎండాకాలంలో కూడా అడుగు నుంచి ఊట వస్తుంది. భాద్రపదంలో ఇక్కడ మోకాలెత్తు కాడల మీద తెల్లని పూలు పూస్తాయి. ఇది నేలలో దుంప ఉండే ఆర్కిడ్ జాతి మొక్క. ఊళ్లో దీన్ని కొంగపువ్వు అంటారు. మూడు వారాలు పూసి, గింజ రాలి, కాడ ఎండుతుంది. మళ్లీ వానల దాకా దుంప తప్ప ఏమీ మిగలదు. గింజ ధూళి అంత ఉంటుంది, నేలలో ఉండే ఒక రకం బూజు తోడు లేకుండా మొలవదు. కనుక ఇక్కడ పోయినదాన్ని ఇంకొక చోటి నుంచి తెచ్చి నాటుదామంటే కుదరదు. ఇంకొక చోటు కూడా నాకు దొరకలేదు. నాలుగేళ్లలో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పదిహేడు తడి నేలలు తిరిగాను. తొమ్మిది వరి మడులయ్యాయి. మూడింట్లో చేపల గుంటలు తవ్వారు. మిగిలిన ఐదింట్లో ఈ పువ్వు లేదు. దీని స్థితి ఏమిటని శాస్త్రజ్ఞులను అడిగితే సమాచారం చాలదన్నారు.

2. 2021 సెప్టెంబర్‌లో దీని ఫొటోను మొదట పత్రికలో వేసినది నేను. ఆనాడు నలభై మూడు కాడలు లెక్కపెట్టాను. తమ కార్యాలయం వారు అక్కడ బోర్డు పెట్టి ‘వెలుగులోకి తెచ్చినవారు: బి. యుగేందర్’ అని రాయించారు. ఆ బోర్డు ముందు నేను మూడుసార్లు ఫొటో దిగాను.

3. మరుసటి ఏడు వృక్షశాస్త్ర అధ్యాపకులు శశిధర్ గారు చూడడానికి వచ్చారు. దారి చూపించినది నేను. అక్కడ గట్టమ్మ బర్లు మేపుతున్నది. ఆమెకు అరవై దాటాయి, ఐదు బర్లున్నాయి. దీన్ని ఈయన కనిపెట్టారట గదా అని శశిధర్ గారు నన్ను చూపించగా ఆమె ఇట్లా అన్నది:

“గీ సారా? తొవ్వ తప్పి మా బర్ల ఎంబడి వచ్చిండు. బురదల దిగబడితే చెయ్యిచ్చి గుంజిన. కండ్ల ముంగట పువ్వుంటే చెప్పు కోసం దేవులాడుతుండె. నేనే చూపెట్టిన.”

ఇది వాస్తవం. శశిధర్ గారు నవ్వారు. తర్వాత రెండు గంటలు గట్టు మీద కూర్చుని ఆమె చెప్పినది రాసుకున్నారు. నన్ను నీళ్ల సీసా అడిగారు. వారి నివేదికలో గట్టమ్మ పేరు నాలుగు చోట్ల ఉన్నది. నా గురించి ‘స్థానిక విలేకరి ఒకరు’ అని ఉన్నది.

4. పై నివేదిక చదివిన వారంలోనే నేను సూచికలోని అర్జీ పెట్టాను. పశువులు తొక్కడం వల్ల పువ్వు నశిస్తున్నదని, కంచె వేసి గట్టమ్మను లోపలికి రానివ్వవద్దని కోరాను. రుజువుగా విరిగిన కాడ ఫొటో జతపరిచాను. సదరు కాడను బర్రె తొక్కలేదు. దగ్గర నుంచి ఫొటో తీయబోయి నేను మోకాలు ఆనించినప్పుడు విరిగినది. అప్పుడు నాకున్నది అసూయ. అది నేటికీ ఉన్నది. అయినా ఈ దిగువ అంకెలు మారవు.

5. కంచె వేసిన తర్వాత లెక్క: 2023లో ముప్పై ఒకటి, 2024లో పన్నెండు. తుంగ, గడ్డి ఛాతీ ఎత్తు పెరిగాయి. కింద నేలకు ఎండ తగలడం లేదు. ఇది తెలిసి కూడా నేను వార్త రాయలేదు. రాస్తే కంచె అడిగినవాడెవడని అడుగుతారు.

6. ఈ ఏప్రిల్‌లో గట్టమ్మ వాగు వైపు మూలన తీగ కోసి బర్లను లోపలికి తోలినది. రెండు నెలల పాటు ఆ మూలన మేశాయి. తమ సిబ్బంది కేసు రాశారు. నేను ఒకటో సాక్షిని. సెప్టెంబర్‌లో వెళ్లి లెక్కపెట్టాను. బర్లు మేసిన మూలన ఇరవై రెండు. కంచె లోపల మిగతా నేలంతటిలో నాలుగు. నమ్మక మూడు రోజులు వరుసగా లెక్కపెట్టాను.

నాలుగో రోజు ఆమె ఇంటికి వెళ్లాను.

“అవ్వా, తీగ ఎందుకు కోసినవ్?”

“గడ్డి మొకం దాక లేసింది. పువ్వుకు ఊపిరాడకపాయె. ఎవలికి చెప్పాలె? నీకా?”

“మరి బర్లు తొక్కవా?”

“పువ్వు లేసినంక నేను ఆ దిక్కు తోల్తనా? కొంగపువ్వున్న కాడ కింద ఊట ఉంటది, బర్రె పొట్ట దాక దిగబడ్తది. కాడ లేసిన్నాటి సంది దీపావళి దాక అటు తోలద్దని మా అత్త చెప్పింది. ఎండకాలం మేపాలె, వానకాలం ఇడిసిపెట్టాలె. గీ ముచ్చట ఆ శశిధర్ సారు అడిగిండు, చెప్పిన. నువ్వు అడిగినవా?”

అడగలేదు. ఇరవై ఆరేళ్లుగా అడగడమే నా వృత్తి.

7. కావున తమరు,
(అ) వచ్చే ఏప్రిల్ లోగా కంచె తీయించి, ఎండాకాలం మేతకు గట్టమ్మకు రాతపూర్వక అనుమతి ఇవ్వాలని,
(ఆ) గడ్డిని యంత్రంతో కోయించవద్దని, వాగు ఊటను మళ్లించే ఏ పనికీ ఒప్పుకోవద్దని,
(ఇ) డిసెంబర్ 9న వాయిదా ఉన్న కేసును అంతకుముందే ఉపసంహరించాలని కోరుతున్నాను. అట్లా కాని పక్షంలో నేను సాక్షిగా వచ్చి మోకాలి సంగతి అక్కడ చెప్పవలసి ఉంటుంది. చెబుతాను.
(ఈ) బోర్డు మీది పేరు మార్చాలని కూడా అడగడం న్యాయం. ఆ పేరా రెండుసార్లు రాసి కొట్టేశాను. తమరే నిర్ణయించగలరు.

జాలులో మిగిలిన దుంపలు ఇంకొక ఏడు ఆ గడ్డి కింద బతుకుతాయని చెప్పలేను. జాప్యం లేకుండా చిత్తగించవలెను.

తమ విధేయుడు, తమ కేసులో ఒకటో సాక్షి,
బండారి యుగేందర్

తాజా కలం: ఈ అర్జీని నిన్న గట్టమ్మకు చదివి వినిపించాను. అంతా విని, “పేపర్ల రాయనంటె దా, ఇంకో జాగ చూపెడ్త” అన్నది. రాయనన్నాను. వెళ్లాను. గంటన్నర నడక. ఎండిన కాడలు లెక్కపెట్టాను, ఆ అంకె ఇక్కడ రాయడం లేదు. “శశిధర్ సారుకు చూపెట్టినవా అవ్వా?” అని అడిగాను. “లేదు, ఆయినె మోకాళ్లు నడువనియ్యయి” అన్నది. ఆ చోటు ఎక్కడని తమరు విచారించవద్దు. విచారించినా చెప్పను. శశిధర్ గారికి ఈ అర్జీ నకలు పంపుతున్నాను, ఈ ఆఖరి పుట మినహాయించి.